వాయిప్ సర్వర్ లోడ్ టెస్ట్‌కి రెండు ల్యాప్‌టాప్‌లు చాలవు తమ్ముడూ, మూడోది ఎందుకంటే

నువ్వు అడిగింది ఇదే కదా తమ్ముడూ: ఎంటెక్ ప్రాజెక్ట్ కోసం ఒక ఆస్టరిస్క్ (నెట్‌వర్క్ మీద ఫోన్ కాల్స్, అంటే వాయిప్, నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ ఒకేసారి ఎన్ని కాల్స్ తట్టుకుంటుందో కొలవాలి, ఒక నెట్‌వర్క్ స్విచ్, రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, సరిపోతాయా అని. సరిపోవు. మూడు మెషిన్లు కావాలి: నడిమధ్య సర్వర్, ఒక పక్క కాల్ చేసేది, ఇంకో పక్క కాల్ ఎత్తేది. ఎందుకో నాకు జరిగింది చెప్తే అర్థమవుతుంది.

నేను తిరుపతిలో బైపాస్ రోడ్డు పక్క ఒక చిన్న ఆఫీసులో పని చేసేటప్పుడు చిత్తూరు కస్టమర్ ఒకాయన మూడు వందల కాల్స్ ఒకేసారి నడవాలి, కాగితం మీద రాసిస్తేనే డబ్బులు అన్నాడు. సరేలే అని పాత డెస్క్‌టాప్ మీద ఆస్టరిస్క్ పెట్టి, నా ల్యాప్‌టాప్‌లో సిప్ప్ అనే టూల్ (టెస్ట్ కోసం ఉత్తుత్తి కాల్స్ పుట్టించేది, పేరు చివర రెండు పీలు ఉంటాయి, ఉచితమే) వేసి అదే కాల్ చేసేట్టు, అదే ఎత్తేట్టు పెట్టినా. అదీ ఆఫీసు నెట్‌వర్క్‌లోనే. పది నిమిషాల్లో పక్క గదిలో ఫోన్లన్నీ గరగరమన్నాయి, మా బాస్ వచ్చి ఎంత కేకలేసినాడో ఇక్కడ రాయలేను. అందుకే మొదటి మాట, టెస్ట్ స్విచ్‌కి వేరే ఏ తీగా తగలకూడదు, ఇంటర్నెట్ కూడా వద్దు.

తర్వాత విడిగా స్విచ్ పెట్టి మొదలుపెడితే రెండు వందల యాభై దాటకముందే కాల్స్ ఫెయిల్ అవుతా ఉన్నాయి, సీపీయూ చూస్తే ఖాళీగా కూర్చోనుంది. ఒక రోజంతా పోయింది దాని మీద. చివరికి చూస్తే ఓపెన్ ఫైల్స్ లిమిట్ (ఒక ప్రోగ్రామ్ ఒకేసారి తెరవగలిగే ఫైళ్ళు, సాకెట్ల హద్దు) 1024 ఉంది. సర్వర్ గుండా పోయే ఒక కాల్‌కి రెండు లెగ్‌లు (చేసేవాళ్ళ వైపు ఒకటి, ఎత్తేవాళ్ళ వైపు ఒకటి), ఒక్కో లెగ్‌కి వాయిస్ మోసే ఆర్‌టీపీకి ఒక సాకెట్, ఆ వాయిస్ ఎట్లా పోతా ఉందో లెక్క చెప్పే ఆర్‌టీసీపీకి ఒకటి, అంటే సాకెట్లే నాలుగు, ఇంక లెక్కేసుకో. యూలిమిట్ అనే కమాండ్‌తో ఆ హద్దు పెంచితే సరిపోయింది. అట్లే ఆర్‌టీపీ పోర్టులు కూడా చూసుకో, ఆస్టరిస్క్ కాన్ఫిగ్‌లో మామూలుగా 10000 నుంచి 20000 వరకు ఉంటాయి, అంటే ఐదు వేల లెగ్‌లు, రెండున్నర వేల కాల్స్, నీకు అంతదాకా రాదులే.

అది సరిచేసినాక కాల్స్ జర్రున ఎక్కిపోయినాయి, వెయ్యి దాటినా సర్వర్ కిక్కురుమనలా. బాస్‌కి గొప్పగా చూపించినా. మర్నాడు ఒక సీనియర్ అన్న వచ్చి "వాయిస్ ఏదిరా ఇందులో" అన్నాడు. నిజమే, నేను నడిపింది కాల్ అడిగే ఇన్వైట్, ఎత్తినట్టు చెప్పే 200 ఓకే, పెట్టేసే బై అంతే, మాట అనేదే లేదు! మనూరి లెక్కలో చెప్పాలంటే శ్రీనివాసం దగ్గర దర్శనం టోకెన్లు చకచకా ఇచ్చేసి కొండ మీద క్యూ కూడా అంతే జోరుగా నడుస్తా ఉంది అనుకున్నట్టు. సర్వర్‌కి అసలు బరువు వాయిస్ ప్యాకెట్లదే. జీ.711 అనే కోడెక్‌లో (వాయిస్‌ని డిజిటల్‌గా మార్చే పద్ధతి) 20 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్, అంటే ఒక్కో వైపు సెకనుకి 50. ఐదు వందల కాల్స్ అంటే సర్వర్ లోపలికి యాభై వేలు, బయటికి యాభై వేలు, ప్రతి సెకనూ.

అందుకని సిప్ప్‌లో పీక్యాప్ ప్లే (ముందే పట్టిపెట్టిన వాయిస్ ప్యాకెట్లు పంపేది) ఉండే సినారియో, అంటే కాల్ ఎట్లా నడవాలో రాసిన ఫైల్, వాడు, ఎత్తే వైపు వచ్చిన వాయిస్‌ని తిరిగి పంపే ఆర్‌టీపీ ఎకో ఆన్ చెయ్యి. ఇంకోటి, ఆస్టరిస్క్‌లో డైరెక్ట్ మీడియా నో అని పెట్టడం మర్చిపోవద్దు. పెట్టకపోతే సర్వర్ రెండు పక్కలనీ మీరే మాట్లాడుకోండప్పా అని తప్పుకోవాలని చూస్తుంది, దానికి కాల్ మధ్యలో మళ్ళీ పంపే ఇన్వైట్ (రీ-ఇన్వైట్) సిప్ప్ మామూలు సినారియోకి అర్థంగాక కాల్ తెంచేస్తుంది.

వాయిస్ పెట్టినాక తెలిసొచ్చింది, ముందు చచ్చేది సర్వర్ కాదు, నా ల్యాప్‌టాప్! కాల్ చేసేదీ ఎత్తేదీ అదే అయితే సర్వర్ మోసేన్ని ప్యాకెట్లూ అది కూడా మోయాల కదా. మూడో మెషిన్ అడిగింది అందుకే. సర్వర్ ఒక్కదాన్నే చూడొద్దు, మూడింటి మీదా సీపీయూ వాడకం చూపించే టాప్ కమాండ్ తెరిచి పెట్టుకో, సిప్ప్ నడిచే మెషిన్ సీపీయూ నిండితే ఆ రీడింగ్ పారెయ్.

ఇంక స్విచ్ సంగతి. గాంధీ రోడ్డులో చవగ్గా వచ్చిందని తెచ్చిన ఎనిమిది పోర్టుల స్విచ్ 100 మెగాబిట్‌ది. జీ.711 వాయిస్ ఒక వైపుకి ఈథర్‌నెట్ మీద హెడర్లతో కలిపి సెకనుకి సుమారు 87 కిలోబిట్లు, సర్వర్ పోర్ట్‌లో కాల్‌కి రెండు లెగ్‌లు కాబట్టి 174, అంటే 570 కాల్స్ దగ్గర తీగ నిండిపోతుంది. మాది కరెక్టుగా అక్కడే వాయిస్ ముక్కలు ముక్కలైంది, సర్వర్ సీపీయూ సగం కూడా లేదు. గిగాబిట్ స్విచ్, గిగాబిట్ కార్డులే తీసుకో, ముందు ఐపెర్ఫ్ అనే స్పీడు కొలిచే టూల్‌తో తీగని కొలిచి తర్వాత సర్వర్ జోలికి పో.

కొలిచే పద్ధతి పెద్ద విద్యేం కాదు. సెకనుకి రెండు కాల్స్, ఒక్కోటి మూడు నిమిషాలు అంటే నిలకడగా 360 కాల్స్ ఉంటాయి, అయితే ఆ 360కి చేరడానికే మొదటి మూడు నిమిషాలు పోతుంది కాబట్టి ఆ భాగం లెక్కలోకి తీసుకోకు. యాభై యాభై పెంచుకుంటా పో, ఒక్కో మెట్టు మీద పది నిమిషాలు నిలబడు. సిప్ప్ స్క్రీన్‌లో రీట్రాన్స్‌మిషన్ (మళ్ళీ పంపినవి) కాలమ్ మీద కన్నేసి ఉంచు, యూడీపీలో ఇన్వైట్‌కి అర సెకనులో జవాబు రాకపోతే మళ్ళీ పంపుతుంది, అక్కడ నంబర్లు కదలడం మొదలైందంటే సర్వర్ ఆయాసపడతా ఉందని. ఆ లోడ్ నడిచేటప్పుడే మామూలు సాఫ్ట్‌ఫోన్‌లో ఒక కాల్ పెట్టుకుని చెవితో విను, నేను గ్రాఫుల కంటే దాన్నే ఎక్కువ నమ్ముతా.

మే నెలలో చేస్తా ఉంటే ఇంకో మాట. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తనే స్పీడు తగ్గించుకునేది, పొద్దున వచ్చిన రిజల్ట్ మధ్యాహ్నం వచ్చేది కాదు, మూడు రోజులు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నా. తెల్లవారుజామున పెట్టుకో, కరెంటు పోకుండా యూపీఎస్ చూసుకో.

మా కథకి వస్తే, అన్నీ సరిచేసి మూడు వందలకి దర్జాగా నడిపించి కాగితం తీసుకుపోతే కస్టమర్ "రికార్డింగ్ కూడా ఉంటుంది గదా" అన్నాడు. కాల్‌కి సెకనుకి 16 కిలోబైట్లే, మూడు వందలకి ఐదు మెగాబైట్లు కూడా కాదు, ఏమవుతుందిలే అనుకున్నా. కానీ మూడు వందల ఫైళ్ళు ఒకేసారి రాసేసరికి ఆ పాత హార్డ్ డిస్క్ కటకటమని సర్వర్‌ని కూడా లాగేసింది. ఎస్ఎస్‌డీ వేసి మొదటి మెట్టు నుంచి మళ్ళీ కొలిచినాం. నీ ప్రాజెక్ట్‌లో రికార్డింగ్ ఉందా, జీ.729 లాంటి కోడెక్ మార్పిడి ఉందా ముందే మీ గైడ్ సార్‌ని అడుగు, ఉంటే అవి ఆన్ చేసే మొదలుపెట్టు.