ఎక్సోమైజర్ నడిపే ముందు: అమ్మలుకి పిన్ని ఉత్తరం

అమ్మలూ,

బెంగళూరు ల్యాబ్‌లో చేరావని, ఎక్సోమ్ (ప్రోటీన్లకి సంకేతమిచ్చే జీన్ భాగాలన్నీ చదివే పరీక్ష) కేసుల్లో వేలకొద్దీ వేరియంట్లు (డీఎన్ఏ అక్షరాల్లో మార్పులు) చూసి టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇన్నేళ్లు ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను: టూల్ నడిపే ముందు బిడ్డ లక్షణాలు సరిగ్గా రాసుకో.

జబ్బుకి కారణమైన మార్పుని వెతికే సాఫ్ట్‌వేర్ ఎక్సోమైజర్. అది వేరియంట్ ఎంత అరుదో, ప్రోటీన్‌ని ఎంత దెబ్బతీస్తుందో చూస్తుంది. నువ్విచ్చిన హెచ్‌పీఓ పదాలు (లక్షణాలకి వాడే ప్రామాణిక పేర్లు) ఆ జీన్‌ జబ్బుతో ఎంత కలుస్తున్నాయో కూడా లెక్కగట్టి వరస పెడుతుంది. డాక్టరు చీటీలో 'ఎదుగుదల ఆలస్యం, ఫిట్స్' అని మాత్రమే ఉంటే, ఆ రెండూ వందల జబ్బుల్లో ఉంటాయి. ఫోన్ చేసి అడుగు. తల చుట్టుకొలత ఎంత, ఫిట్స్ ఏ వయసులో మొదలయ్యాయి, మాటలు వచ్చి పోయాయా, అసలు రానేలేదా? వచ్చి పోవడానికి, మొదటినుంచీ రాకపోవడానికి హెచ్‌పీఓలో వేర్వేరు పదాలున్నాయి. అది తప్పు రాస్తే వరసంతా మారిపోతుంది.

మేనరికమా అని మొహమాటం లేకుండా అడుగు. 'దూరపు చుట్టాలే' అన్నా వదలకుండా వంశవృక్షం గీయి. దగ్గరి పెళ్లి అయితే తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు జీన్ కాపీల్లోనూ ఒకటే ఉన్న అరుదైన మార్పులు బోలెడు కనిపిస్తాయి, మొదటి దాన్నే జబ్బుకి కారణం అనేయకు. తల్లిదండ్రుల శాంపిల్స్ కూడా తెప్పించు.

ప్రపంచవ్యాప్త జన్యు మార్పుల డేటాబేస్ నోమాడ్‌లో అరుదుగా ఉన్నంత మాత్రాన మన దగ్గర అరుదు కాదు. వైశ్యుల్లో కనిపించే బీసీహెచ్ఈ జీన్‌ మార్పే చూడు. అది రెండు కాపీల్లో ఉన్నవాళ్లకి ఆపరేషన్‌లో కండరాలు సడలించే మందు సక్సినైల్‌కోలిన్ ఇస్తే సొంతంగా ఊపిరి తీసుకోవడానికి గంటలు పట్టొచ్చు. ప్రపంచ లెక్కల్లో అరుదైన ఆ మార్పు ఆ కులంలో అంత అరుదు కాదు. అందుకే 1029 మంది భారతీయుల జీనోములున్న ఇండిజీనోమ్స్ డేటాబేస్ కూడా తప్పకుండా చూడు.

మార్పు ఎంత హానికరమో అంచనా వేసే సీఏడీడీ స్కోరు 20 దాటిందని సంబరపడకు. హాని అంచనాలో పైనున్న 1 శాతంలో ఉందని మాత్రమే దాని అర్థం. జీనోమ్ మొత్తంలో ఒక్క అక్షరం మారే అవకాశాలన్నీ లెక్కేస్తే ఆ 1 శాతమే 8 కోట్లు దాటుతుంది.

వరసలో ఒకటో నంబరు నచ్చిందా, ఐజీవీ అనే సాఫ్ట్‌వేర్‌లో రీడ్స్ (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలు) తెరిచి చూడు. మార్పు ఒకే దిక్కు రీడ్స్‌లో కనిపిస్తే అనుమానించాల్సిందే. ఆ తర్వాతే 2015 ఏసీఎంజీ (అమెరికా జన్యు వైద్య నిపుణుల సంస్థ) నియమాలతో అది హానికరమా, కాదా, తేలనిదా అన్న వర్గం తేల్చు.

వీయూఎస్ (హానికరమో కాదో ఇంకా తెలియని మార్పు) అని తేలితే, దాన్ని నమ్ముకుని తర్వాతి గర్భం గురించి నిర్ణయం తీసుకోవద్దని కౌన్సెలర్ చేత ఆ దంపతులకి చెప్పించు. మార్పులకీ జబ్బులకీ ఉన్న సంబంధాల డేటాబేస్ క్లిన్‌వార్ మారుతూనే ఉంటుంది, కాబట్టి రిపోర్టులో టూల్ వెర్షన్, తేదీ రాసి, కొన్నాళ్లకి కేసు మళ్లీ నడుపు. తల్లి ఫోన్ నంబరు ఫైల్లో ఉందో లేదో ఇవాళే చూసుకో. జవాబు దొరికితే మొదట చెప్పాల్సింది ఆవిడకే.

మీ పిన్ని