మత్తులో అన్న మాటకు విలువెంత?

ప్రశ్న: నేను పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చదువుతున్నాను. ప్రజాస్వామ్యమంటే మాట్లాడుకోవడమేనని క్లాసులో చెబుతారు. సాయంత్రం బస్టాండు దగ్గర చూస్తే తాగినవాళ్లే గట్టిగా రాజకీయాలు మాట్లాడుతుంటారు, ఎవరూ లెక్కచేయరు. తాగి మాట్లాడిన మాటను చట్టం ఎలా చూస్తుంది? (వరంగల్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: చట్టం ఒకేలా చూడదు. ఆ మాటతో ఏం చేస్తున్నారన్నదాన్ని బట్టి విలువ కడుతుంది.

మీరు తాగి పొలం అమ్ముతానని సంతకం పెట్టారనుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, షరతులు అర్థం చేసుకోలేనంత, తన మేలుకీడులు తూచుకోలేనంత మత్తులో ఉన్నవాడు ఆ మత్తు దిగేదాకా ఒప్పందం చేసుకోలేడు. వాసన వస్తే చాలదు, అర్థం కాని స్థితి ఉండాలి. దాన్ని రుజువు చేయాల్సిందీ మీరే. అదే మత్తులో నేరం ఒప్పుకున్నారనుకోండి. తాగి ఉన్నాడన్న ఒక్క కారణంతో ఆ ఒప్పుకోలును పక్కన పెట్టనక్కర్లేదని సాక్ష్య చట్టం అంటుంది. పాత చట్టంలో 29వ సెక్షన్, 2023 నాటి కొత్త చట్టంలో 22వ సెక్షన్. పోలీసుల ముందు ఒప్పుకుంటే చెల్లదు, కానీ అది తాగినా తాగకపోయినా ఒకటే. అంటే పొలం అమ్మడానికి పనికిరాని నోరు జైలుకు పంపడానికి పనికొస్తుందన్నమాట!

నేరం సంగతికొస్తే, తనంతట తాను తాగినవాడికి తాను చేస్తున్నదేమిటో తెలుసనే చట్టం అనుకుంటుంది (పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 24వ సెక్షన్). ఉద్దేశం ఉందా లేదా అన్నది మాత్రం పరిస్థితులను బట్టి తేల్చాలి. 1956లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన బస్‌దేవ్ కేసు చదవండి. ఒక విశ్రాంత సైనిక జమేదారు పెళ్లి విందుకు తాగి వెళ్లాడు. అక్కడ కూర్చున్న పదిహేను పదహారేళ్ల కుర్రాడిని కాస్త పక్కకు జరగమన్నాడు. కుర్రాడు జరగలేదు. పిస్తోలు తీసి కాల్చాడు, కుర్రాడు చనిపోయాడు. తూలుతున్నా తన కాళ్లమీద తాను నడిచాడు, పొందికగా మాట్లాడాడు, కూర్చునే చోటు తానే ఎంచుకున్నాడు, కాల్చాక పారిపోబోయాడు, పట్టుకుంటే క్షమించమన్నాడు. ఉద్దేశం కూడా లేనంత మత్తు కాదని కోర్టు తేల్చింది. జరగమని అడిగిన ఆ మాట కూడా అతనికి ఎదురు తిరిగింది.

మీ సబ్జెక్టులోంచే ఇంకో రెండు. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో మిటిలీన్ అనే గ్రీకు నగరాన్ని ఏలిన పిటాకస్, తాగి చేసిన తప్పుకు మామూలు కంటే ఎక్కువ శిక్ష పెట్టాడని అరిస్టాటిల్ రాశాడు. పర్షియన్లు పెద్ద విషయాలను తాగినప్పుడు చర్చించేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మర్నాడు ఆ ఇంటి యజమాని నిన్నటి నిర్ణయాన్ని మళ్లీ ముందు పెట్టేవాడట. తెలివిలో కూడా నచ్చితే ఉంచేవారు, లేకపోతే వదిలేసేవారు. తెలివిలో అనుకున్నదాన్ని మత్తులో మళ్లీ ఆలోచించేవారట కూడా. నిజంగా అలాగే చేశారో లేదో గానీ, ఆ 'మర్నాడు మళ్లీ అడగడం' అనే పద్ధతిని గుర్తుపెట్టుకోండి. మీ రెండో ప్రశ్నకు పనికొస్తుంది.

ప్రశ్న: కల్లు కాంపౌండ్‌లో జరిగే రాజకీయ చర్చలమీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి? (అదే విద్యార్థి)

జవాబు: జనం చేరకముందే వెళ్లి నడిపేవారితో మాట్లాడండి, ఏం చేయబోతున్నారో దాచకుండా చెప్పండి. మొదటి మూడు నాలుగు సాయంత్రాలు ఏమీ అడగొద్దు, కూర్చుని వినండి. మీరు తాగొద్దు, ఎవరికీ పోయించొద్దు. పోయిస్తే ఆ క్షణం నుంచి మీకు నచ్చే మాటలే వినపడతాయి. ఫోన్‌లో రికార్డు చేయడం అసలే వద్దు, ఒక్కసారి దొరికిపోతే ఆ ప్రాజెక్టు అక్కడితో సరి.

పేర్లు రాయకండి, 1, 2, 3 అని అంకెలు వేసుకోండి. ఏ విషయం దగ్గర గొంతులు లేచాయి, ఎవరు అందుకున్నారు, ఎవరి మాట గాల్లో కలిసిపోయింది, ఎంతసేపటికి విషయం మారింది అన్నవి చూడండి. అక్కడ కూర్చుని నోట్సు రాస్తే అందరూ మిమ్మల్నే చూస్తారు. బయటికొచ్చిన గంటలోపు రాసేయండి, తెల్లారితే సగం పోతుంది. ఇద్దరు కలిసి వెళ్లి విడివిడిగా రాసి పోల్చుకుంటే ఇంకా మంచిది.

అసలు ముఖ్యమైనది అనుమతి. మత్తులో "రాసుకో తమ్మీ, నా పేరుతోనే రాసుకో" అన్నంత మాత్రాన అది అనుమతి కాదు. మర్నాడు పొద్దున మనిషిని కలిసి, ఆయన అన్నది చదివి వినిపించి మళ్లీ అడగండి. వద్దంటే కొట్టేయండి. కష్టపడి రాసుకున్నదని ఉంచేసుకుంటే ఊళ్లో తగాదా తెచ్చిపెట్టేది అదే.

ఇంకొక మాట. తాగినవాళ్లు నిజమే చెబుతారన్న నమ్మకంతో వెళ్లకండి. మత్తు నోటికున్న తాళం తీస్తుందేమో గానీ లోపలున్నదంతా నిజమని ఏముంది? గొప్పలు, పాత కక్షలు, నిన్న ఫోన్‌లో చూసిన వీడియో, అన్నీ కలిసే వస్తాయి.

ప్రశ్న: బస్సులో తాగినాయన పక్కవాళ్లతో గొడవ పెట్టుకుంటే ఎలా మాట్లాడాలి? మంచిగా చెప్పినా రెచ్చిపోతారు. (ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు మంచిగా చెప్పినదాంట్లో మాటలు ఎక్కువై ఉంటాయి. మత్తులో దృష్టి ఇరుకైపోతుంది. కళ్లెదురుగా పెద్దగా కనిపించేదే కనిపిస్తుంది, దాని వెనక ఏముందో తట్టదు. మీరు చెప్పిన నాలుగు కారణాలు చెవికెక్కవు, మీ విసుగు మొహం మాత్రం ఎక్కుతుంది.

ఒక్కరే మాట్లాడండి, మిగతావాళ్లను ఊరుకోమనండి. బస్సులో సాధారణంగా పని చెడేది ఇక్కడే, ఆరుగురు ఆరు వైపుల నుంచి అందుకుంటారు. చేయి చాపినంత దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడండి. భుజంమీద చెయ్యి వేయొద్దు. "అన్నా, ఇటు కూర్చో" అన్నంత చిన్న మాట చాలు. అని ఆగండి. జవాబు రావడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది, ఆలోపు మళ్లీ అంటే ఆయనకు అది కొత్త మాట. "తాగొచ్చావ్" అనొద్దు. తాగలేదని నిరూపించుకోవడానికే గొడవ పెద్దదవుతుంది. "కిటికీ పక్కన కూర్చుంటావా, ముందుకు వస్తావా?" అని రెండు దారులు చూపిస్తే తానే ఎంచుకున్నానన్న తృప్తి ఉంటుంది, పరువూ నిలుస్తుంది. ఫోన్ తీసి వీడియో పట్టారంటే ఇక్కడిదాకా చేసినదంతా వృథా.

అడిగిందే పదిసార్లు అడిగితే కోపం తెచ్చుకోకండి. బాగా తాగినప్పుడు కొత్త సంగతులు జ్ఞాపకంలో పడవు, అడిగినట్టు ఆయనకు నిజంగానే గుర్తుండదు. చేయి లేస్తే మాత్రం మాటలు ఆపి కండక్టర్‌కు చెప్పండి, 112కు ఫోన్ చేయండి. బహిరంగంగా తాగి అల్లరి చేస్తే న్యాయ సంహిత 355 కింద 24 గంటల వరకు సాధారణ జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు, పాత శిక్షాస్మృతిలో ఆ జరిమానా పది రూపాయలే, 1862 నుంచీ!

అరుస్తున్నవాడి కంటే ఉలుకూ పలుకూ లేకుండా పడున్నవాడితోనే ఎక్కువ జాగ్రత్త. పిలిచి కుదిపినా లేవకపోతే, ఊపిరి నిమిషానికి 8 కంటే తక్కువైతే, ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మజ్జిగ, నిమ్మరసం నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తలకు దెబ్బ తగిలినా, షుగర్ పడిపోయినా మనిషి అచ్చం తాగినట్టే తూలతాడు, నాలుక మడతపడుతుంది. వాసన వచ్చినంత మాత్రాన ఆ రెండూ లేవనుకోవద్దు.

ప్రశ్న: దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం టీవీలు, ఫోన్లు లేకుండా ఎలా పాకింది? (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రాత్రి బడి వల్ల. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో చదివించిన వాచకంలో సీతమ్మ కథ ఉంది, సారా కథ. అది చదివిన ఆడవాళ్లు పాఠం దగ్గరే కూర్చుని మాట్లాడుకున్నారు, వెళ్లి దుకాణం మూయించారు. ఆ సంగతి మళ్లీ పాఠమై వేరే ఊళ్ల రాత్రి బళ్లకు చేరింది, 1992లో పత్రికలు అందుకున్నాయి. ఆడవాళ్లు అడ్డుపడి సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. గమనించారా, తాగేవాళ్లకు నచ్చజెప్పడంతో అది మొదలు కాలేదు. పక్కింటావిడతో మాట్లాడటంతో మొదలైంది.

ప్రశ్న: రాత్రి ఒంటిగంటకు తాగడం ఆపి పడుకున్న మా అన్నయ్యను పొద్దున ఏడింటికి బండిమీద పట్టుకున్నారు. న్యాయమేనా? (ఖమ్మం)

జవాబు: ఎంత తాగారో రాయలేదు. రెండు క్వార్టర్లు అనుకుందాం. 360 మి.లీ.లో దాదాపు 120 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. సాయంత్రం తొమ్మిదికి మొదలుపెట్టిన 70 కిలోల మనిషికి ఒంటిగంట ప్రాంతంలో 100 మి.లీ. రక్తంలో 190 మి.గ్రా. దాకా ఉండొచ్చు. గంటకు సుమారు 15 చొప్పున తగ్గుతుంది. ఏడింటికి ఇంకా 100 దరిదాపుల్లో ఉంటుంది, చట్టం ఒప్పుకునేది 30. నిద్ర, స్నానం, కాఫీ ఈ లెక్కను మార్చవు. మౌత్‌వాష్ పుక్కిలించి వెంటనే ఊదితే మాత్రం అంకె తప్పుగా రావచ్చు. అలా చేసి ఉంటే ఆ మాట అక్కడే చెప్పి, 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తారేమో అడగాల్సింది.