మెడనొప్పికి మాన్యువల్ థెరపీ: ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. కంప్యూటర్ ముందు పని. రెండేళ్లుగా మెడనొప్పి. ఎక్స్‌రేలో కొద్దిగా అరుగుదల ఉందన్నారు. సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పట్టిచ్చే రక్తపరీక్ష) నార్మల్. చేత్తో చేసే మాన్యువల్ థెరపీతో మెడలో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) పోతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

సలహా: థెరపీ చేయించుకోవచ్చు గానీ, ఇన్‌ఫ్లమేషన్ పోతుందని మాత్రం కాదు. మూణ్నెల్లు దాటిన మామూలు మెడనొప్పిలో చాలామందికి రక్తపరీక్షల్లో ఆ ఆనవాళ్లే ఉండవు. మీకూ లేవు. థెరపీ తర్వాత ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి రసాయనాలు కాస్త తగ్గినట్టు కొన్ని చిన్న అధ్యయనాల్లో తేలిన మాట నిజమే. అయితే నొప్పి తగ్గింది దానివల్లేనని రుజువు కాలేదు. ఉపశమనం ప్రధానంగా నాడుల ద్వారా వస్తుంది. కీలును నెమ్మదిగా కదిలిస్తుంటే వెన్నుపాము స్థాయిలోనే నొప్పి సంకేతాల జోరు తగ్గుతుంది, పట్టేసిన కండరం వదులవుతుంది. టక్‌మనే చప్పుడు కీలు ద్రవంలోని వాయువుది. తప్పిన ఎముక చోటుకు చేరిందని దానర్థం కాదు.

ఈ హాయి ఎక్కువ కాలం నిలవదు. అందుకే మెడ తేలికపడిన ఆ రోజుల్లోనే వ్యాయామం మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకొని, తల ఎత్తకుండా, 'ఊ' అన్నట్టు గడ్డాన్ని కొద్దిగా లోపలికి వంచి 10 సెకన్లు ఉంచండి. ఇలా 10 సార్లు, రోజుకు రెండు పూటలా. గొంతు పక్కన వేలు పెట్టి చూసుకోండి. అక్కడి కండరం తాడులా బిగిస్తే బలం ఎక్కువ పెడుతున్నట్టే. పనిచేయాల్సింది లోపలి చిన్న కండరాలు, పైనున్న పెద్దది కాదు. వ్యాయామం పనిచేయకపోవటానికి ఈ పొరపాటు ఒక కారణం కావొచ్చు. కనీసం ఆరు వారాలు చేయాలి. నాలుగైదు సిట్టింగులకూ థెరపీతో ఏ మార్పూ లేకపోతే ఆపేయండి.

పొద్దున లేవగానే అరగంటకు మించి బిగుసుకుపోవటం, జ్వరం, బరువు తగ్గటం ఉంటే అది నిజంగానే ఇన్‌ఫ్లమేషన్ జబ్బు కావచ్చు. ముందు డాక్టర్‌ను కలవండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో (ఇన్‌ఫ్లమేషన్‌తో వచ్చే కీళ్లవాతం) మెడ పైభాగంలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలి ఉండొచ్చు. అలాంటి మెడను టక్కున తిప్పితే వెన్నుపాముకే ప్రమాదం. చేతుల్లో బలం తగ్గినా, నడక తూలినా థెరపీ వద్దు, ఎంఆర్ఐ కావాలి.

సెలూన్‌లో మెడ పట్టుకుని టక్కున తిప్పించుకోవటం ఎవరికీ మంచిది కాదు. అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం రావొచ్చు. మెడ తిప్పించుకున్నాక కొత్త రకం తలనొప్పి, కళ్లు తిరగటం, మాట ముద్దగా రావటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.