మంచు కొండల్లో ఆలుమగలకు కలిపి ఒక ఉద్యోగం

ప్రశ్న: మాది కావలి. నాకు 31 ఏళ్లు, నా భార్యకు 27. నేను హైవే మీద ఒక హోటల్లో 9 ఏళ్లుగా వంట చేస్తున్నాను. ఆమె హోటల్ మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా చేసి నెల్లూరులో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పని చేస్తోంది. ఫ్రాన్స్ మంచు కొండల్లో చలికాలం 4 నెలలు భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక ఇంటిని నడిపే ఉద్యోగం ఉందని, దాన్ని ‘షాలే కపుల్’ అంటారని, తిండీ బసా వాళ్లే ఇస్తారని చెన్నై ఏజెంటు ఒకతను చెబుతున్నాడు. ఇద్దరికీ కలిపి 6 లక్షలు అడుగుతున్నాడు. ముందు టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చట. మా 4 ఏళ్ల పాపను అమ్మమ్మ దగ్గర ఉంచుదామనుకుంటున్నాం. ఈ ఉద్యోగం నిజంగా ఉందా? మేం చేయగలమా?

జవాబు: ఉద్యోగం ఉన్నమాట నిజం. ఏజెంటు చూపిస్తున్న దారి మాత్రం తప్పు. ముందు దాని సంగతి తేల్చి, తర్వాత పనిలోకి వస్తాను.

టూరిస్టు వీసా మీద ఫ్రాన్స్‌లో 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండవచ్చు గానీ, అక్కడ ఒక్క పూట కూడా జీతానికి పని చేయకూడదు. వెళ్లాక మార్చుకోవచ్చన్న మాటను నమ్మకండి. సక్రమమైన పద్ధతిలో, యజమానే ముందుగా అక్కడి ప్రభుత్వం దగ్గర మీ పేరు మీద పని అనుమతి తీసుకుంటాడు, ఆ కాగితం మీ చేతికి అందాక మీరు ఇక్కడ సీజనల్ కార్మికుల వీసాకు దరఖాస్తు పెట్టుకుంటారు. ఆ కోవలో ఇచ్చే కార్డు 3 ఏళ్ల వరకు చెల్లుతుంది, కానీ ఏ 12 నెలల కాలంలోనూ 6 నెలలకు మించి అక్కడ ఉండనివ్వరు, మీ స్థిరనివాసం ఫ్రాన్స్ బయటే ఉండాలి. భర్తకు వచ్చిన అనుమతి భార్యకు పనికిరాదు. ఇద్దరికీ వేర్వేరుగా రావాలి.

మన ప్రభుత్వం దగ్గర నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు ఒక మనిషి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే మీ ఇద్దరికీ కలిపి 70,800 రూపాయలు. 6 లక్షలు అడుగుతున్న పెద్దమనిషిని లైసెన్సు నంబరు అడిగి, విదేశాంగ శాఖ వారి ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూడండి. నంబరు అడగగానే ఆయన గొంతు ఎలా మారుతుందో వినడానికైనా అడగండి.

‘బ్రెగ్జిట్ (బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావడం) తర్వాత అక్కడ మనుషులు దొరకడం లేదు’ అని కూడా ఆయన చెప్పే ఉంటాడు. అందులో సగం నిజం. ఈ షాలేలకు, అంటే సెలవులకు వచ్చేవారు దిగే కొండ ఇళ్లకు, వచ్చే అతిథుల్లో, వాటిని నడిపే కంపెనీల్లో బ్రిటిషువారు ఎక్కువ. 2021 జనవరి 1 నుంచి బ్రిటిషు యువతీయువకులకు కూడా అక్కడ పని అనుమతి అవసరమైంది. అయితే కంపెనీలు ఆ ఖాళీల కోసం మొదట చూసేది ఐరోపా సమాఖ్య పాస్‌పోర్టు ఉన్నవారి వైపు. వారికి ఏ అనుమతీ అక్కరలేదు కదా. కావలి నుంచి ఇద్దరిని రప్పించడానికి కాగితాల శ్రమ పడే యజమాని దొరకవచ్చు, కానీ అతను మీ వంట చూసి, మీతో ఇంగ్లీషులో మాట్లాడి, ఆ తర్వాతే ముందుకు వస్తాడు. మిమ్మల్ని ఒక్కసారి కూడా మాట్లాడించకుండా ఉద్యోగం ఇచ్చేశారంటే అక్కడ ఉద్యోగం లేదనే అర్థం.

ఇక పని. నేనూ మావారూ ఆల్ప్స్ పర్వతాల్లో 1,850 మీటర్ల ఎత్తున ఉన్న వాల్ దిజేర్‌లో 2 చలికాలాలు ఈ పని చేశాం. షాలే అంటే కొండవాలులో చెక్కతో కట్టిన ఇల్లు. మాది 5 పడక గదులది, వారానికి 10 మంది అతిథులు. ఇద్దరిలో ఒకరు వంట, మరొకరు ఇల్లు శుభ్రం చేయడం, వడ్డన, అతిథుల మంచిచెడ్డలు చూసుకోవడం. ఉదయం 6 గంటలకు లేచి గుమ్మం ముందు రాత్రి పడిన మంచును పారతో తోడి దారి చేయడంతో రోజు మొదలవుతుంది. 8 గంటలకు టిఫిను. అతిథులు స్కీయింగుకు (మంచు మీద జారే ఆటకు) వెళ్లాక పక్కలు సర్ది, బాత్‌రూములు కడిగి, సాయంత్రపు టీకి కేకు చేసి పెడితే 11 గంటలు దాటుతుంది. అప్పటి నుంచి దాదాపు 4 గంటల సమయం మీది. సాయంత్రం మళ్లీ మొదలైతే, ఒకదాని తర్వాత ఒకటిగా మూడు విడతల భోజనం వడ్డించి, వైను గ్లాసులు కడిగి తుడిచేసరికి రాత్రి 10 అవుతుంది. వారానికి ఒక రోజు సెలవు.

అన్నిటికంటే కఠినం శనివారం. మాకు ఆ రోజే పాత అతిథులు 10 గంటలకల్లా వెళ్లిపోయేవారు, కొత్తవారు 4 గంటలకు దిగేవారు. ఆ 6 గంటల్లో 10 పక్కల దుప్పట్లు, రజాయి తొడుగులు, 20 తువ్వాళ్లు మార్చాలి, ఫ్రిజ్ ఖాళీ చేసి కడగాలి, వారానికి సరిపడా సరుకులు దింపించుకోవాలి. రజాయిని తిరగేసిన తొడుగులోకి చేతులు దూర్చి, రెండు మూలలు పట్టుకుని ఒక్క విదిలింపుతో లోపలికి ఎక్కించే ఒడుపు నాకు మూడో శనివారానికి గానీ పట్టుబడలేదు. మావారు పొడుగు గనుక మొదటి రోజే నేర్చుకున్నారు, ఆ గర్వం ఇప్పటికీ పోలేదు. మీరు ఇంట్లోనే ఒకరికొకరు గడియారం పెట్టి 5 పక్కలు వేసి చూడండి. ‘మేం చేయగలమా’ అన్న ప్రశ్నకు జవాబు అందులోనే సగం తెలుస్తుంది.

మిగిలిన సగం ఒప్పంద పత్రంలో ఉంటుంది. మొదటి ఏడాది మాకు ఇచ్చిన కాగితం ఒక్కటే. అందులో ‘దంపతులు’ అని ఇద్దరి పేర్లూ కలిపి, జీతమూ కలిపి రాశారు. అంతకు మించి ఆలోచించకుండా ఇద్దరం సంతకం పెట్టాం. ఫిబ్రవరిలో మావారు మెట్ల మీది గడ్డకట్టిన మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ‘దంపతులు పని చేయడం లేదు గనుక’ అంటూ ఆ యజమాని ఇద్దరి జీతమూ ఆపి, వారంలో గది ఖాళీ చేయమన్నాడు. నేను ఒక్కదాన్నే ఇద్దరి పనీ చేస్తున్న వారమది. ఒక ఫ్రెంచి వంటమనిషి చెబితే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాను, జీతం వచ్చింది, కానీ ఆ సీజను అక్కడితో ముగిసింది. రెండో ఏడాది, వేరే యజమాని దగ్గర, రెండు కాగితాలు రాయించుకున్నాకే సంతకం పెట్టాం.

కాబట్టి వేర్వేరు ఒప్పందాలు, వేర్వేరు జీతాలు, వేర్వేరు బ్యాంకు ఖాతాలు అడగండి. ఒకరు జబ్బుపడినా మానేసినా రెండోవారి ఉద్యోగం, గది ఏమవుతాయో రాయించుకోండి. భార్యాభర్తల మధ్య ఇలాంటి లెక్కలేమిటని మన పెద్దలు అనవచ్చు. ఈ లెక్క మీ ఇద్దరి మధ్యది కాదు, మీకూ యజమానికీ మధ్యది.

జీతం ఇలా చూసుకోండి. 2025లో ఫ్రాన్స్‌లో కనీస వేతనం గంటకు 11.88 యూరోలు. వారానికి 35 గంటల చొప్పున నెలకు 1,801.80 యూరోలు, కోతలు పోగా చేతికి వచ్చేది సుమారు 1,426. యూరోను 100 రూపాయలనుకుంటే ఇద్దరికీ 4 నెలలకు 11 లక్షల 40 వేలు. గదికి, తిండికి జీతంలోంచి కొంత పట్టుకోవచ్చు, ఎంతన్నది ఒప్పందంలో ఉండాలి. ఏజెంటుకు 6 లక్షలు, విమానాలకు లక్షన్నర, మంచుకు తగిన బట్టలు, బూట్లు తీసేస్తే, మీరిద్దరూ 4 నెలలు పాపను విడిచి ఎవరి కోసం పని చేసినట్టో మీకే తెలుస్తుంది. 35 గంటలు దాటిన పనికి అదనపు వేతనం ఉంటుంది గనుక, ఏ రోజు ఎన్ని గంటలు చేశారో ఎవరి నోట్‌బుక్‌లో వారు రాసుకోండి.

పాపను ఈ అనుమతి మీద తీసుకెళ్లలేరు. చలికాలంలో వాళ్ల గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనుక. మీకు ఖాళీ దొరికే మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య కావలిలో సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర. పాప బడి నుంచి వచ్చి ఆడుకుంటూ ఉంటుంది. రాత్రి నిద్రపుచ్చే వేళకు ఫోను చేద్దామనుకుంటే, సరిగ్గా అప్పుడే అతిథులు మంచు బూట్లతో కేకు కోసం వస్తారు. డిసెంబరు చివరి వారాలు, ఫిబ్రవరి బడి సెలవులు ఊపిరి సలపనివి. జనవరి మధ్యలో కొంత నెమ్మది, సంక్రాంతి నాడు కాస్త తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: మాది ఒంగోలు. మా అమ్మాయి, అల్లుడు సరైన కాగితాలతోనే ఈ డిసెంబరులో ఆల్ప్స్‌లో ఇలాంటి ఉద్యోగానికి వెళ్తున్నారు. మేం శాకాహారులం. అక్కడ వాళ్లు మాంసం వండాల్సి వస్తుందా? అంత ఎత్తులో పప్పు ఉడకదంటున్నారు, నిజమా? ఏమేం కట్టి పంపమంటారు?

జవాబు: వండాల్సి వస్తుందమ్మా, వారానికి ఆరు రోజులూ. ఆ ప్రాంతపు ఇష్టమైన వంటకం తార్తిఫ్లెట్‌లో బంగాళాదుంపలు, ఉల్లిపాయలతో పాటు పంది మాంసం ముక్కలు వేసి, పైన రెబ్లోషాన్ అనే జున్ను పరిచి కాలుస్తారు. గొడ్డు మాంసం కూడా మామూలే. వండే మనిషి ఉప్పు చూడకుండా వడ్డించడం కుదరదు. అమ్మాయి ఇల్లు చూసుకుని, అల్లుడు వంట చూసుకునే ఏర్పాటైతే ఈ ప్రశ్న ఆయనదే, ఆయన మనసు ఇప్పుడే కనుక్కోండి. జున్ను ఒక్కటే తిని గడుపుకుందామన్నా ఒక చిక్కుంది. అక్కడి సంప్రదాయ జున్నుల్లో పాలు తోడుకోవడానికి వాడేది దూడ కడుపులోంచి తీసిన పదార్థం. ఇది తెలియక నేను ఒక సీజనంతా మా అత్తగారికి ‘ఇక్కడ శాకాహారమే తింటున్నాను’ అని చెప్పాను.

పప్పు విషయం నిజమే. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీరు మరిగే వేడి పడిపోతుంది. మన ఒంగోలులో 100 డిగ్రీలకు మరిగే నీరు 1,850 మీటర్ల దగ్గర 94 డిగ్రీలకే తెర్లుతుంది. గిన్నెలో కందిపప్పు గంటసేపు గలగలమంటూ తిరుగుతూనే ఉంటుంది, మెదగదు. కుక్కరుతో ఈ బాధ తీరుతుంది. కానీ అక్కడ చాలా వంటిళ్లలో ఇండక్షన్ పొయ్యిలు ఉంటాయి, మన మామూలు అల్యూమినియం కుక్కరు వాటి మీద వేడెక్కదు. అయస్కాంతం అడుగుకు అతుక్కునే స్టీలు కుక్కరు కొనండి, బజారుకు అయస్కాంతం పట్టుకెళ్తే అంగడివాడు నవ్వినా ఫరవాలేదు. కేకులది దీనికి తిరగబడిన సమస్య. ఒత్తిడి తక్కువ గనుక పిండి త్వరగా పొంగి, లోపల కుదురుకోకముందే కూలబడుతుంది. బేకింగ్ పౌడరు, పంచదార కొంచెం తగ్గించి, పాలో నీళ్లో కొంచెం ఎక్కువ పోయాలి. నా మొదటి నిమ్మకాయ కేకు మధ్యలో పళ్లెంలా గుంట పడితే, దాన్ని క్రీముతో నింపి అదొక కొత్త రకమని వడ్డించాను.

నెయ్యి పంపకండి. పాల పదార్థాలను, మాంసాన్ని మన దేశం నుంచి ప్రయాణికులు ఐరోపా సమాఖ్యలోకి తీసుకుపోకూడదు. పచ్చి కరివేపాకూ అంతే, తనిఖీ పత్రం లేకపోతే తీసి పారేస్తారు. ఎండబెట్టి పొడి చేసి ఇవ్వండి. కందిపొడి, ఊరగాయ నిక్షేపంగా పంపవచ్చు. అయితే ఒక మాట అల్లుడికి గట్టిగా చెప్పండి. ఎలర్జీ కలిగించే 14 రకాల పదార్థాలు ఏ వంటకంలో ఉన్నాయో అతిథులకు చెప్పి తీరాలని అక్కడి చట్టం. ఆ జాబితాలో వేరుశనగ, పాలు, గుడ్లు, గోధుమలతో పాటు ఆవాలు, నువ్వులు కూడా ఉన్నాయి. అలవాటుగా వేసే చిటికెడు ఆవాల పోపు కూడా చెప్పవలసిందే.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి కొత్త దంపతులం. ఫ్రాన్స్ మాకు అందేది కాదు. మనదేశంలోనే గుల్‌మార్గ్, ఔలీ, మనాలీ వంటి చోట్ల ఇలాంటి పని దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది, పేరు వేరు. చెక్క కాటేజీలు, హోమ్‌స్టేలు చూసుకోవడానికి వంట వచ్చిన దంపతులను పెట్టుకునే యజమానులు ఉన్నారు. హిందీ రావాలి. ఇక్కడ భయపెట్టేది మంచు కాదు, మంచు పడకపోవడం. 2024 జనవరిలో గుల్‌మార్గ్‌లో నేల నల్లగా కనబడింది, గదులు రద్దయ్యాయి. ఔలీకి వెళ్లే దారిలో ఉన్న జోషీమఠ్‌లో 2023 జనవరిలో నేల కుంగి ఇళ్లకు బీటలు వారాయి. అందువల్ల అతిథులు వచ్చినా రాకపోయినా నెల జీతం ఇస్తామని రాయించుకోండి, అదీ ఇద్దరి పేర్ల మీద రెండు కాగితాలుగా. తిరుగు టిక్కెట్టు డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. వెళ్లిన రోజే మీకిచ్చిన గది చూసుకోండి, తరచుగా అది అతిథుల గదుల వెనుక, ఎండ తగలని వైపు ఉంటుంది. చలి కాచుకునే బుఖారీ అనే పొయ్యి పెడితే, దాని పొగ గొట్టం గోడ దాటి బయటికి పోయిందో లేదో చూడండి. కిటికీలన్నీ మూసి అది రగులుతుండగా నిద్రపోకూడదు, ఆ విషవాయువుకు వాసన ఉండదు. రాత్రిపూట కుళాయిని సన్నటి ధారగా వదిలి ఉంచితే, తెల్లవారేసరికి పైపులో నీరు గడ్డకట్టకుండా ఉంటుంది.