మా అబ్బాయి ఫుట్‌బాల్ లైన్ కోచ్ అవుతానంటున్నాడు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి. హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో అఫెన్సివ్ లైన్‌లో గార్డ్‌గా ఆడతాడు. ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు, బరువు 225 పౌండ్లు. లెక్కల్లో చురుకు. మేము కంప్యూటర్ సైన్స్ అనుకుంటే, వాడు కాలేజీ టీమ్‌కి అఫెన్సివ్ లైన్ కోచ్ అవుతానని పట్టుబట్టాడు. మాకు ఆ ఆటే సరిగ్గా తెలియదు. అది ఉద్యోగమేనా? ఇండియాలో చుట్టాలు అడిగితే ఏమని చెప్పాలి? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, చుట్టాల సంగతి ముందు తేల్చేద్దాం. మాస్టారు అవుతాడట అని చెప్పండి. అందులో అబద్ధమేమీ లేదు. మనం మాస్టారూ అని పిలిచినట్టే ఇక్కడ కోచ్‌ని పేరు పెట్టకుండా ‘కోచ్’ అనే పిలుస్తారు, రిటైరైనా అలాగే పిలుస్తారు.

ఇక పని సంగతి. బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్లను టీవీలో చూసే ఉంటారు. వాళ్ల ముందు ఐదుగురు భారీ మనుషులు వరసగా వంగి ఉంటారు. మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద దెబ్బ పడకుండా అడ్డుకోవడం, పరుగెత్తేవాడికి దారి తెరవడం వాళ్ల పని. కబడ్డీలో చైన్ పట్టినట్టు ఐదుగురూ కలిసి కదలాలి. ఒక్కడు తప్పటడుగు వేస్తే మిగతా నలుగురి కష్టమూ వృథా. ఒక తేడా ఉంది. కబడ్డీలో పట్టుకోవడమే ఆట, ఇక్కడ ఎదుటివాణ్ణి పట్టుకుంటే పది గజాల పెనాల్టీ.

ఈ ఐదుగురికీ నేర్పేవాడే లైన్ కోచ్. మొదటి అడుగు ఎటు వేయాలి, చేతులు ఎదుటివాడి ఛాతీ మీద ఎక్కడ ఆనాలి, నడుము ఎంత కిందికి ఉండాలి, అటువైపు నుంచి అనుకోకుండా ఇంకొకడు దూసుకొస్తే ఎవరు ఎవర్ని అందుకోవాలి, ఇవీ పాఠాలు. మ్యాచ్ అయిపోయాక అసలు చాకిరీ మొదలవుతుంది. బంతి కదిలిన ప్రతిసారీ ఒక ప్లే. మ్యాచ్‌లో డెబ్బై ప్లేలు ఆడారనుకోండి, ప్లేకి ఒక్కొక్కరికీ ఒక మార్కు చొప్పున ఐదుగురికీ కలిపి 350 మార్కులు వేయాలి. ఒక్కో ప్లేనీ వీడియోలో వెనక్కీ ముందుకూ తిప్పి చూడాలి. ఆదివారం పూట ఇంట్లో భోజనానికి కూర్చునే లైన్ కోచ్‌లు సీజన్‌లో తక్కువ. మీ అబ్బాయికి ఓపిక ఉందా లేదా అన్నది తేలేది ఇక్కడే. గ్రౌండ్‌లో అరవడం ఎవరికైనా సరదాగానే ఉంటుంది.

అతని ఎత్తు గురించి మీరు ప్రత్యేకంగా రాశారు. ఆ ఎత్తుతో పెద్ద యూనివర్సిటీలో లైన్‌లో ఆడటం అయ్యే పని కాదు. అక్కడివాళ్లు మామూలుగా మూడొందల పౌండ్ల మనుషులు, ఆరడుగుల పైనే ఉంటారు. కోచింగ్‌కి మాత్రం ఆ కొలతలతో పనిలేదు. మాట్ క్యాంప్‌బెల్ సంగతే చూడండి. డిగ్రీ చదివింది ఒహాయోలోని మౌంట్ యూనియన్ అనే చిన్న కాలేజీలో. ఆడింది డిఫెన్స్ వైపు. ఆ తర్వాత బౌలింగ్ గ్రీన్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరి, లైన్ కోచ్‌గా ఎదిగి, 2011 డిసెంబరులో 32 ఏళ్లకే టోలెడో యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు. మనవాళ్లకి ఇందులో చోటుందా అని మీకు అనుమానం ఉంటే, భారతీయ మూలాలున్న సంజయ్ లాల్ మీ పక్కనే ఉన్న ప్రొఫెషనల్ టీమ్ డాలస్ కౌబాయ్స్‌లో 2018, 2019 సీజన్లలో వైడ్ రిసీవర్ల (విసిరిన బంతి అందుకునేవాళ్ల) కోచ్‌గా పనిచేశాడు.

గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ అంటే మాస్టర్స్ చదువుతూ టీమ్‌లో పనిచేయడం. ఫీజు యూనివర్సిటీ కడుతుంది, చేతికి కొద్దిగా స్టైపెండ్ వస్తుంది. బదులుగా అవతలి టీమ్ ప్లేలన్నీ కార్డుల మీద గీయాలి, వీడియోలు కత్తిరించాలి, చూడటానికి వచ్చిన హైస్కూల్ కుర్రాళ్లకు క్యాంపస్ తిప్పి చూపించాలి. పాతకాలపు గురుకులం లాంటిదే, కాఫీలు మోయడం కూడా అందులో భాగమే. కాలేజీ ఫుట్‌బాల్ పై డివిజన్‌లో ఇదివరకు పదిమంది అసిస్టెంట్లే గ్రౌండ్‌లో నేర్పేవారు. 2024లో ఆ పరిమితి ఎత్తేశాక, ఆఫీసులో కూర్చునే అనలిస్టులు కూడా ఆటగాళ్ల దగ్గర నిలబడి నేర్పగలుగుతున్నారు. కొత్తవాళ్లకి ఇది మంచిదే.

జీతం గురించి మీరు అడగలేదు కానీ అడగాలనే ఉంటుంది. పెద్ద కాన్ఫరెన్సుల్లో (యూనివర్సిటీ టీమ్‌ల లీగుల్లో) పేరున్న లైన్ కోచ్‌కి ఏడాదికి పది లక్షల డాలర్లు, కొందరికి అంతకు మించి ఇస్తారు. ప్రభుత్వ యూనివర్సిటీల కాంట్రాక్టులు పబ్లిక్ రికార్డే కాబట్టి మీరే చూసుకోవచ్చు. ఆ అంకె చూసి మాత్రం సరే అనకండి. ఆ మెట్టు ఎక్కేది బహు కొద్దిమంది. చిన్న కాలేజీల్లో స్కూల్ టీచర్ జీతంతోనే ఏళ్లు గడిచిపోతాయి.

దానికన్నా పెద్ద కష్టం ఊళ్లు మారడం. శామ్ పిట్‌మన్ ఈ లైన్ కోచింగ్‌లో బాగా పేరున్నవాడు. హైస్కూళ్లలో, కాన్సస్‌లోని ఒక కమ్యూనిటీ కాలేజీలో పనిచేసి పైకి వచ్చాడు. 2011లో నార్త్ కరొలైనాలో, 2012లో టెనెసీలో, 2013లో ఆర్కన్సాలో, 2016కల్లా జార్జియాలో ఉన్నాడు. చివరికి ఆర్కన్సాకి హెడ్ కోచ్‌గా తిరిగొచ్చి, 2020 నుంచి చేశాక 2025 సీజన్ మధ్యలో ఆ పదవి పోగొట్టుకున్నాడు. అసిస్టెంట్ల పరిస్థితి ఇంకా నాజూకు. హెడ్ కోచ్‌ని తీసేస్తే, తన ఐదుగురూ ఎంత బాగా ఆడినా లైన్ కోచ్ కూడా సామాను సర్దుకోవాల్సి రావచ్చు. పెళ్లయ్యాక భార్య ఉద్యోగం, పిల్లల బడి అన్నీ దీని చుట్టూ తిరుగుతాయి. ఈ మాట అతనితో ఇప్పుడే మాట్లాడండి, బెదిరించడానికి మాత్రం కాదు.

నేనైతే చెప్పేది ఒకటే. కోచింగ్‌కి అడ్డు చెప్పకండి, దాని కింద ఒక గట్టి పునాది వేయించండి. ఆ పునాది కంప్యూటర్ సైన్సే కానక్కర్లేదు. లెక్కల్లో డిగ్రీ, దాంతోపాటు టీచింగ్ సర్టిఫికెట్. టెక్సస్ హైస్కూల్ కోచ్‌లలో ఎక్కువమంది టీచర్లే. పొద్దున క్లాసు, సాయంత్రం గ్రౌండ్. లెక్కలు చెప్పగలిగిన లైన్ కోచ్ అంటే ఏ ప్రిన్సిపాల్ అయినా పిలిచి మాట్లాడతాడు. కాలేజీ ఉద్యోగం పోయినా తిండికి లోటుండదు, ఆటకీ దూరం కాడు.

మీకు దగ్గర్లోనే రెండు దారులున్నాయి. డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో టీచ్ నార్త్ టెక్సస్ అనే కార్యక్రమం ఉంది. లెక్కల డిగ్రీ చదువుతూనే టీచర్ సర్టిఫికెట్‌కి సిద్ధమవ్వొచ్చు. అదే యూనివర్సిటీకి పై డివిజన్ ఫుట్‌బాల్ టీమ్ కూడా ఉంది. అక్కడ ఆడే అవకాశం రాకపోయినా ఫుట్‌బాల్ ఆఫీసులో విద్యార్థి సహాయకుడిగా చేరే ప్రయత్నం చేయాలి. మొదటి సెమిస్టర్‌లోనే వెళ్లి అడగాలి, ఊరికే చేస్తానన్నా సరే. ఇంకా ఆడాలనే ఉంటే షెర్మన్‌లో ఆస్టిన్ కాలేజీ ఉంది, డివిజన్ త్రీ, అంటే చిన్న కాలేజీల స్థాయి. అక్కడ అతని సైజువాళ్లకీ దారి దొరకొచ్చు. డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు కాబట్టి ఫీజు లెక్క ముందే వేసుకోండి. నన్నడిగితే డెంటన్‌కే మొగ్గుతాను.

ఈలోగా ఒక పరీక్ష పెట్టండి. తమ స్కూల్ మ్యాచ్ వీడియో తీసుకుని, తనవి కాకుండా మిగతా నలుగురి ప్లేలకి మార్కులు వేయమనండి, ఎందుకు తగ్గించాడో ఒక్కో వాక్యం రాయమనండి. ఆ కాగితాలు వాళ్ల లైన్ కోచ్‌కి చూపించాలి. రెండు వారాల్లో విసిగిపోతే కంప్యూటర్ సైన్స్ ఎక్కడికీ పోదు. మూడోవారం కూడా అడక్కుండానే చేస్తుంటే మీరు కాస్త మెత్తబడక తప్పదు.

ఒక విషయం మీరు రాయలేదు. అబ్బాయి ఇక్కడే పుట్టాడా, లేక మీతోపాటు హెచ్‌ఫోర్ (హెచ్‌వన్‌బీ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నాడా? హెచ్‌ఫోర్ అయితే 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది, పిల్లలకి ఆ వీసా మీద జీతానికి పనిచేసే వీలూ లేదు. స్టూడెంట్ వీసాకి మారితే క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలే పని. ఫుట్‌బాల్ ఆఫీసులో గంటలు ఆ లెక్కకి కట్టుబడి ఉండవు. అలాంటప్పుడు అప్లికేషన్లు పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. ఆ సంగతి నాకూ రాయండి, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ విషయం దాన్నిబట్టి మళ్లీ మాట్లాడుకుందాం.