మేలు చేసే వాయువే మెదడుకు కీడు చేస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి నెల క్రితం పక్షవాతం వచ్చింది. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడే మెదడు కణాలను చంపుతుందని చదివాను. ఇదెలా సాధ్యం? ఛాతీనొప్పికి ఆయన వాడే నైట్రేట్ మాత్రను అప్పుడే నాలుక కింద పెట్టి ఉంటే మేలు జరిగేదా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: రెండూ నిజమేనమ్మా, అది ఎక్కడ, ఎంత పుడుతుందన్నదే తేడా. రక్తనాళాల లోపలి పొరలో కొద్దికొద్దిగా తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ రక్తప్రవాహాన్ని కాపాడుతుంది. ఇది శరీరంలో సంకేతంగా పనిచేస్తుందని కనుగొన్నందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది. అయితే మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడి ప్రాణవాయువు అందనప్పుడు, నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లుటమేట్ అనే రసాయనం పోటెత్తి, నాడీకణాలలోకి కాల్షియం చొరబడి, అక్కడి ఎంజైము నైట్రిక్ ఆక్సైడ్‌ను అతిగా పుట్టిస్తుంది. అప్పుడే పెరిగే సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో అది కలిసి పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారుతుంది. అసలు చేటు దీనిదే: కణపొరల కొవ్వునూ ప్రోటీన్లనూ డీఎన్‌ఏనూ దెబ్బతీయడమే కాక, రక్తానికీ మెదడుకూ మధ్యనున్న రక్షణ గోడను బలహీనపరచి వాపును పెంచుతుంది.

మాత్ర పెట్టనందుకు దయచేసి బాధపడకండి. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను అందించే నైట్రేట్ పట్టీలను పక్షవాత రోగుల చర్మానికి అంటించి చేసిన, 2015లో వెలువడిన పెద్ద పరీక్షలో రక్తపోటు తగ్గింది కానీ రోగులు కోలుకోవడం మెరుగుపడలేదు. పైగా రక్తపోటు హఠాత్తుగా పడిపోతే మెదడుకు అందే కాస్త రక్తమూ తగ్గిపోతుంది. ఇకపై మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కు ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపే ఇవ్వాలి.