ఎట్రుస్కన్ స్త్రీలు నిజంగా అంత స్వేచ్ఛగా బతికారా?

రోమ్ పెద్దదవకముందు మధ్య ఇటలీలో వెలిగిన జాతి ఎట్రుస్కన్లు. వాళ్ల స్త్రీలు భర్తల పక్కనే కూర్చుని విందు చేసేవారని, మతంలోనూ వాళ్లకు పెద్ద స్థానం ఉండేదని చదివారు. అది నిజమా, ఇప్పటివాళ్ల ఊహా అని మీ ప్రశ్న.

విందు మాట నిజమేనండి. ఉద్యోగం మీద రోమ్‌లో రెండేళ్లు ఉన్నప్పుడు ఎన్నో ఆదివారాలు విల్లా జూలియా మ్యూజియంలో గడిపాను. అక్కడ దంపతుల శవపేటిక ఒకటి ఉంది. క్రీ.పూ. 520 ప్రాంతంలో కాల్చిన మట్టితో చేశారు. 1881లో రోమ్ దగ్గరి పాత ఎట్రుస్కన్ ఊరు చెర్వెటెరిలో దొరికినప్పుడు అది సుమారు 400 ముక్కలు. భార్యాభర్తలు ఒకే మంచం మీద పక్కపక్కన ఒరిగి ఉంటారు. ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంటుంది. ఆమె తలకు టోపీ, ముందుకు వేసుకున్న జడలు, కాళ్లకు మొనదేలిన బూట్లు. ఆయనవి మాత్రం ఒట్టి పాదాలు. ఇద్దరి చేతులూ ఏదో అందిస్తున్నట్టు, ఏదో చెబుతున్నట్టు గాలిలో ఆగిపోయి ఉంటాయి.

అదే కాలంలో ఏథెన్సులో ఇంటి ఇల్లాలు మగవాళ్ల విందులో కూర్చునేది కాదు. అందుకే ఎట్రుస్కన్ స్త్రీలు గ్రీకులకు బరితెగించినవాళ్లలా కనిపించారు. క్రీ.పూ. 4వ శతాబ్దపు చరిత్రకారుడు థియోపొంపస్ వాళ్ల గురించి రాసిందంతా దాదాపు తిట్లే. పరాయివాళ్ల కోపాన్ని పట్టుకుని ఒక జాతి ఆడవాళ్లను అంచనా వేయడం నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది.

నన్నడిగితే విందు కన్నా పేరు పెద్ద సాక్ష్యం. రోమ్‌లో జూలియస్ వంశంలో పుట్టిన ఆడపిల్లలందరూ జూలియాలే, అది వంశం పేరు. ఎట్రుస్కన్ అమ్మాయికి రంథా, వెలియా, థంఖ్విల్ అని తనకంటూ ఒక పేరు ఉండేది. సమాధి శాసనాల్లో తండ్రి పేరుతో పాటు తల్లి పేరు కూడా చాలాచోట్ల రాశారు. గౌతమీపుత్ర శాతకర్ణి పేరు తెలిసిన మనకు ఇది వింతగా ఉండదు. స్త్రీల సమాధుల్లో దొరికిన కంచు అద్దాల వెనక బొమ్మలు, వాటి పక్కన దేవతల పేర్లు చెక్కి ఉంటాయి. వాటిని వాళ్లు చదువుకునేవారనే నేను నమ్ముతాను.

ఇక మతం. మెరుపులను బట్టి దైవ సంకల్పం తెలుసుకునే విద్యను వెగోయా అనే దివ్యస్త్రీ నేర్పిందని వాళ్ల నమ్మకం. 1964లో చెర్వెటెరి రేవు పిర్గిలో దొరికిన మూడు బంగారు రేకుల్లో చెర్వెటెరి పాలకుడు థెఫారియే వెలియానస్ ఊని దేవతకు చేసిన సమర్పణ ఉంది. రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన కథలో, గద్ద భర్త టోపీ ఎత్తుకెళ్లి మళ్లీ తలమీద పెడితే, నువ్వు రాజువవుతావని శకునం చెప్పింది ఎట్రుస్కన్ నగరం తార్క్వినియా ఆడపడుచు తనాక్విల్. అది కథే అయినా, ఎట్రుస్కన్ స్త్రీకి శకునాలు తెలుసని రోమన్లు అనుకున్నారన్నమాట.

అయితే దీన్ని సమానత్వం అనలేను. శాసనాల్లో జిలథ్ లాంటి పాలక పదవులు మగవాళ్ల పేర్ల పక్కన మాత్రమే కనిపిస్తాయి. పైగా మనకు తెలిసిందంతా డబ్బున్న ఇళ్ల ఆడవాళ్ల గురించే. వాళ్లకు వండి వడ్డించిన దాసీల సంగతి ఎవరూ రాయలేదు.

వీలైతే చెర్వెటెరి వెళ్లండి, రోమ్ నుంచి రైలు, ఆపైన బస్సు. అమ్మ వచ్చినప్పుడు తనని తీసుకెళ్లాను. సమాధుల బయట మగవాళ్లకు స్తంభం, ఆడవాళ్లకు చిన్న ఇల్లు గుర్తుగా పెట్టేవారు. మతూనా కుటుంబానిదైన రిలీఫ్‌ల (ఉబ్బెత్తు బొమ్మల) సమాధిలో గోడల నిండా కత్తులు, తాళ్లు, గిన్నెలు, కూజాలు సున్నపు పూతతో మలిచి ఉన్నాయి. అడ్డంగా పెట్టిన గాజు ఇవతల నుంచే చూడాలి. మధ్య పడక దగ్గర చిన్న పీట, దాని మీద చెప్పుల జత. అమ్మ వాటినే చాలాసేపు చూస్తూ, "ఇప్పుడే విప్పి పడుకున్నట్టుందిరా" అంది.